శ్రీశైలం ఘాట్‌లో ఆపిన ఇంజను

రిటైరైన తర్వాత నా మోటారు సైకిలుకు పని తగ్గింది. చిక్కడపల్లిలోని మా ఇంటి నుంచి నారాయణగూడ మార్కెట్‌కు వెళ్ళి కూరగాయలు తేవడం, అంతే. అశోక్ నగర్‌లో టీ కొట్టు నడిపే ఒకాయన దాన్ని కొంటానని రెండుసార్లు వచ్చి అడిగాడు. ఇచ్చెయ్యమని మా ఆవిడ పట్టు.

"అరవై దాటినయ్. ఇంక బండెందుకు? ఆటోలు లేవా?"

"ఒక్కసారి శ్రీశైలం పోయొద్దాం. తర్వాత నువ్వెట్లంటే అట్ల."

చిన్నప్పుడు మా నాన్న నన్ను ఆ పాత ఘాట్ రోడ్డు మీద బస్సులో తీసుకెళ్ళారు. మలుపుమలుపుకూ వాంతులే తప్ప నేను రోడ్డును చూసింది లేదు. ఆ దారిలో సొంతంగా బండి నడపాలని ఉద్యోగం చేసినన్నాళ్ళూ అనుకుంటూనే ఉన్నాను.

ఆమె ఒక షరతు మీద ఒప్పుకుంది. "దారిల ఒక్కసారి భయపడి దిగిననుకో, బండి ఆ టీ కొట్టాయనకే."

2011 చలికాలంలో బయల్దేరాం. గాలి, చైను, బ్రేకులు ముందు రోజే చూసుకున్నాను. మన్ననూరు దాటి అడవిలోకి వచ్చేసరికి ఆమెకే హుషారు ఎక్కువైంది. పిట్టగోడ మీద వరసగా కూర్చున్న కోతులను చూసి, "ఇగో, మన అశోక్ నగర్ హాస్టల్ పోరలు ఇడ్లీ బండి కాడ ఉన్నట్టే ఉన్నయ్" అంది.

దోమలపెంట దాటాక కృష్ణ వైపు దిగుడు మొదలైంది. నా చెయ్యి దానంతటదే తాళం మీదికి పోయి ఇంజను ఆపేసింది. పెట్రోలు కలిసొస్తుందని నారాయణగూడ ఫ్లైఓవర్ దిగేటప్పుడు రోజూ ఇంజను ఆపేసి జారిపోవడం నాకు అలవాటు. కానీ ఫ్లైఓవర్‌కు ఒక్కటే దిగుడు. ఇక్కడ మలుపు తర్వాత మలుపు. బ్రేకు నొక్కీ నొక్కీ కాలిన వాసన మొదలైంది. ఎంత నొక్కినా వేగం తగ్గడం లేదు.

"ఏందా వాసన?"

"గట్టిగ పట్టుకో!"

తాళం తిప్పి, రెండో గేరు వేసి, క్లచ్ మెల్లగా వదిలాను. ఇంజను గర్జించి బండిని వెనక్కి గుంజింది. పిట్టగోడ పక్కన ఆగాం. ఆమె గబగబా దిగి దూరంగా వెళ్ళి గోడ పట్టుకుని నిలబడింది. టీ కొట్టాయన చేతిలో నా బండి తాళం అప్పుడే కనిపించింది నాకు.

"దిగినవ్ కదా," అన్నాను చివరికి.

ఆమె కిందికి చూసింది. కొండల మధ్య కృష్ణ పచ్చగా మెరుస్తోంది.

"దిగిన. నది చూద్దామని దిగిన. భయపడ్డనని ఎవలన్నరు?"

ఆమె రెండు చేతులూ పిట్టగోడను ఇంకా వదల్లేదు.

"కానీ మళ్ల ఇంజన్ బంద్ చేసిన్రంటే నిజంగనే దిగుత," అంది.

బ్రేకులు చల్లబడ్డాక రెండో గేరులోనే దిగాం. లారీలు కూడా మమ్మల్ని దాటిపోయాయి. ఆ రాత్రి డైరీలో 'నది చూడటానికి ఆగాం' అనే రాశాను.

టీ కొట్టాయన మూడోసారి వస్తే ఆమే ఎదురెళ్ళి చెప్పింది, "అమ్ముతలేం అన్నా, మాకే పనుంది."

ఫ్లైఓవర్ దిగుతూ ఇప్పటికీ నా చెయ్యి తాళం వైపు కదులుతుంది. అది అక్కడికి చేరేలోపే వెనక నుంచి భుజం మీద ఒక దెబ్బ పడుతుంది.