గ్రీజు బాబాయ్ సంతకం

అద్దెకిచ్చే క్రేన్ ఏదైనా సరే, గ్రీజు బాబాయ్ చెయ్యి పడందే ఆ యార్డు గేటు దాటదు. నూనె, బ్రేకులు, హుక్కు చూడటం ఒక ఎత్తు, ఇనుప తాడు చూడటం ఒక ఎత్తు. పాత బనియను గుడ్డ తాడుకు చుట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా లాగేవాడు. ఎక్కడ తీగ తెగితే అక్కడ గుడ్డ చిక్కుకుంటుంది. చిక్కుకుందా, ఆ క్రేన్ ఇక కదలడానికి వీల్లేదు.

పనిలో అంత మొనగాడికీ అక్షరం ముక్క రాదు. సంతకం ఒక్కటే నేర్చుకున్నాడు. తనిఖీ కాగితం ఇంటికి తెచ్చి ఆయన చెబుతుంటే భార్య రాసేది, అడుగున ఈయన సంతకం గీకేవాడు. ఇరవై ఏళ్లుగా ఇదే వరస.

మొన్న పెద్ద క్రేన్ తాడుకు గుడ్డ ఏడు చోట్ల చిక్కుకుంది. "తాడు పనికిరాదు, మార్చాలని రాయి," అన్నాడు. ఆమె రాసింది. ఈయన సంతకం పెట్టి, ఆ సాయంత్రమే యార్డులో ఇచ్చొచ్చాడు.

తెల్లారి వెళ్లేసరికి యార్డులో క్రేన్ లేదు! కొత్త భవనం కడుతున్న చోటికి పడుతూ లేస్తూ పరుగెత్తాడు. దూలం అప్పుడే గాల్లోకి లేస్తోంది. కింద నలుగురు కూలీలు.

"దించరా బాబూ, దించు! ఆ తాడు తెగిపోతుంది!"

ఆపరేటర్ దించాడు, దించి తనిఖీ కాగితం ఆయన చేతిలో పెట్టి విసుక్కున్నాడు. "ఏంటి బాబాయ్, తాడు బాగుందని నువ్వే రాసిచ్చి నువ్వే అరుస్తావేంటి? ఈ సంతకం నీది కాదా?"

తనదే. కాదని ఎలా అంటాడు, పాపం!

యార్డు మేనేజరు స్వయానా బావమరిది. ఓనరు కాళ్లావేళ్లా పడి ఆ ఉద్యోగం ఇప్పించిందీ ఈయనే. వెళ్లి నిలదీస్తే వాడు నేలచూపులు చూశాడు.

"కొత్త తాడు రావడానికి వారం పడుతుంది బావా. క్రేన్ ఆగితే నా ఉద్యోగం ఊడుతుంది. అందుకే అక్కకు చెప్పుకున్నా."

బావమరిది చేసిన ద్రోహం ఒక లెక్కా! కట్టుకున్నదే తన కళ్లుగప్పింది! ఇంటికొచ్చి కాగితం ఆమె ముందు పడేశాడు.

"వారం రోజులకేం కాదులే అనుకున్నానండీ. వాడు నా తమ్ముడు కదా," అని ఆమె భోరుమంది.

"కింద నలుగురున్నారే! పోతే నా సంతకంతో పోయేవాళ్లు!"

ఆమె ఇంకా ఏడుస్తూనే ఉంది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. ఉన్నట్టుండి తలెత్తి అడిగాడు.

"ఇదొక్కటేనా? ఇదివరకు కూడా ఇలా రాశావా?"

ఆమె ఏడుపు ఠక్కున ఆగింది.