గడప దగ్గర బెల్లం

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది, కోలారులోని ఒక ఆసుపత్రిలో బయోకెమిస్ట్రీ విభాగానికి నేను అధిపతిగా ఉన్నాను. రిటైర్మెంటు దగ్గర పడింది. అధిపతి అంటే ఏదో పెద్ద హోదా అనుకుంటారు గానీ, రోజంతా రక్తం గొట్టాలతో, మొండికేసే యంత్రాలతో కాపురం. రిపోర్టు కింద ఆఖరి సంతకం నాది. తప్పు జరిగితే ఆఖరి తిట్లూ నావే. ఆ కాపురం నాకెంత ఇష్టమో మానేశాకే తెలిసింది.

ఒక సోమవారం బంగారు గనుల ఊరు కేజీఎఫ్ నుంచి మునెమ్మ అనే ఆమె తన కూతురు కల్పనను తీసుకొచ్చింది. కల్పనకు ఇరవై దాటి ఉంటాయి. వేమగల్‌లో ఒక ఫ్యాక్టరీలో ట్రైనీ. స్టోరు నుంచి సామాను ట్రేలు మోసి తయారీ లైనుకు చేర్చడం ఆమె పని. షిఫ్టు మొదలైన కాసేపటికే కాళ్లూ చేతులూ పట్టేసేవి. కొంచెంసేపు ఆగితే మళ్లీ సర్దుకునేవి. సూపర్‌వైజరు పనిదొంగ అన్నాడు. రోగమైతే డాక్టరు చీటీ తెమ్మని, లేదంటే పర్మనెంటు చేసేది లేదని ఫ్యాక్టరీవాళ్లు తేల్చి చెప్పారు.

గట్టిగా పనిచేసిన రోజు మూత్రం కాఫీ రంగులో వస్తుందని ఆమె చెప్పడంతో మా డాక్టరు రెండు పరీక్షలు రాశారు. ఒకటి సీకే. కండ దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారే ఎంజైము ఎంతుందో నా విభాగంలో చూస్తాం. రెండోది, పరగడుపున వరండాలో వేగంగా నడిపించి గుండె వేగం రాసుకోవడం.

సీకే ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉంది. కల్పన మాత్రం వరండా ఆ చివరి నుంచి ఈ చివరికి చకచకా నడిచేసింది. డాక్టరు కుర్రవాడు, మాట దురుసు. నడక బ్రహ్మాండంగా ఉందనీ, నా యంత్రమే ఎక్కడో తప్పిందనీ అన్నారు. నన్నంటే ఊరుకుంటాను గానీ యంత్రాన్నంటే ఊరుకోను. విలువ ముందే తెలిసిన నమూనాను పెట్టి యంత్రం సరిగ్గా ఉందని చూసుకుని, కల్పన రక్తం మళ్లీ పరీక్షించాను. అదే అంకె వచ్చింది.

బయట బెంచీ మీద తల్లీకూతుళ్లు కూర్చుని ఉన్నారు. బాగా నడిచిన పిల్ల ముఖంలో కళ లేదు.

"బాగానే నడిస్తిని కదా మేడమ్. ఇంగ దొంగనే అంటారు. క్యాంటీన్‌కి అందరితోపాటు పోవల్లని ఉండాది నాకు. నేను పోయేలోపల వాళ్లు తినేసి ఎదురొస్తా ఉంటారు" అంది కల్పన.

పొద్దున ఏం తిన్నావని అడిగాను. నర్సు వద్దన్నది కాబట్టి ఏమీ తినలేదంది. అబద్ధమాడే పిల్లలా లేదు. అప్పుడే మునెమ్మ కొంగు ముడి మీద చీమలు పాకుతుంటే దులుపుకుంటోంది. అందులో ఏముందన్నాను.

"బెల్లం మేడమ్. నడిపిస్తామంటే, లోపలికి పోయేముందు నోట్లో పెట్టి పంపిస్తిని."

ఏమీ తినలేదన్నారు కదా అంటే మునెమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "అది తిండా మేడమ్? మా నాయన గనిలోకి దిగే రోజుల్లో మాయమ్మ పెట్టేది. గడప దాటినోళ్లు మళ్లా రావల్ల కదా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా నాన్నా గని కార్మికుడే. చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చి కేజీఎఫ్‌లో కంపెనీ వరుసగా కట్టించిన లైన్ ఇళ్లలో కాపురం పెట్టాడు. ఆయన షిఫ్టుకు బయలుదేరితే మా అమ్మ నిమ్మకాయంత బెల్లం నోట్లో పెట్టేది. స్కూలు పరీక్షలకు పోతుంటే నాకూ పెట్టేది. నేనూ దాన్ని ఏనాడూ తిండి కింద లెక్కేయలేదు. గనులు మూతపడ్డాక నాన్నకు పోవడానికి షిఫ్టు లేదు. అయినా అలవాటు కొద్దీ గడప దగ్గర నిలబడేవాడు. అమ్మ బెల్లం పెట్టేది. ఆయన గడప దాటి అరుగు మీద కూర్చునేవాడు, అంతే. ఆ గడప కోసం నా మనసు ఇప్పటికీ కొట్టుకుంటుంది.

మర్నాడు బెల్లం లేకుండా నడిపించాం. సగం వరండాకే కల్పన గోడ పట్టుకుంది. పిక్కలు రాయిలా బిగిశాయి, గుండె దడదడలాడింది. కాసేపు ఆగి మెల్లగా మొదలుపెడితే నడక మళ్లీ దారిలో పడింది. తర్వాత రబ్బరు బంతి ఇచ్చి పిసకమని, అదే చేతి నుంచి రక్తం తీశాం. గొట్టాలను మంచులో పెట్టి నేనే ల్యాబుకు పట్టుకుపోయాను. కష్టపడిన కండ తన చక్కెర నిల్వను కరిగించుకుంటే రక్తంలో లాక్టేటు పెరగాలి. ఆమెకు పెరగలేదు. అమోనియా మాత్రం బాగా పెరిగింది. ఉత్తుత్తిగా పిసికితే అది పెరగదు. పిల్ల మనస్ఫూర్తిగా కష్టపడిందని ఆ అంకే సాక్ష్యం చెప్పింది. చూపిస్తే డాక్టరే జన్యు పరీక్ష రాశారు. కండ తన చక్కెర నిల్వను కరిగించుకోలేకపోతోందన్న మా అనుమానాన్ని బెంగళూరు ల్యాబులో చేసిన ఆ పరీక్ష ఖాయం చేసింది.

చక్కెర నిల్వను విడదీసే ఎంజైము పేరు గ్లైకోజెన్ ఫాస్ఫోరిలేజ్. దాన్ని తయారుచేసే జన్యువు ఒకటి కాదు. కండ ఒకదాన్ని వాడుకుంటుంది, కాలేయం ఇంకొకదాన్ని, మెదడులో ముఖ్యంగా మరొకటి. అన్ని కణాల్లోనూ అన్నీ ఉన్నా, ఎక్కడ ఏది పనిచేయాలో అక్కడ అదే పనిచేస్తుంది. కల్పనకు చెడింది కండ జన్యువు. మునెమ్మ మేనమామనే చేసుకుంది. చెడిన జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చింది. కాలేయం నిక్షేపంగా ఉంది. పాతర నిండా రాగులున్నా మూత తీయలేని ఇల్లు ఆమె కండ. బయటి నుంచి వచ్చిన బెల్లం రక్తం ద్వారా నేరుగా అందితే ఆ పూట గడిచిపోతుంది. మరి ఫ్యాక్టరీలో ఎందుకు గడవలేదు? తల్లి రోజూ ఇంటి గడప దగ్గర పెట్టే బెల్లం, బస్సు వేమగల్ చేరేసరికి ఖర్చైపోయేది.

డాక్టరు చీటీ రాశారు, కింద నేనూ సంతకం పెట్టాను. బరువులు ఎత్తకూడదు, పని మెల్లగా మొదలుపెట్టాలి, కష్టమైన పనికి కాస్త ముందు కొంచెం తీపి తినాలి. బెల్లం ఇకమీదట ఫ్యాక్టరీ గేటు దగ్గర తినమని కల్పనకు చెప్పాను.

"అంటే నా చేత్తో పెట్టొద్దా ఇంగ?" అంది మునెమ్మ.

కొంచెం మీరూ పెట్టండి, మిగతాది మూట కట్టివ్వండి అన్నాను. కొంతకాలానికి కల్పన ఫోను చేసింది. కూర్చుని సరుకు తనిఖీ చేసే పనికి మార్చారట, పర్మనెంటు కూడా చేశారట. క్యాంటీన్‌కి పోయేముందు ఒక ముక్క వేసుకుంటే అందరితో కలిసి నడుస్తోందట.

మునెమ్మకు ఎంజైము సంగతి తెలుసని నేననను. ఆమెది భయం, మా అమ్మదీ భయమే. నాకు తెలిసొచ్చింది ఒకటే. ఏం తిన్నారంటే జనం రాగిముద్ద, ఇడ్లీ చెబుతారు. గడప దాటేటప్పుడు చేతిలోనో నోట్లోనో పెట్టింది చెప్పరు. దాన్ని విడిగా అడగాలి. రిటైరయ్యేదాకా నా ల్యాబు పిల్లల చేత అలాగే అడిగించాను.

ఇప్పుడు నా రక్తపరీక్షలకు నేనొక్కదాన్నే పోతుంటాను. పరగడుపేనా అని అడుగుతారు. అవునంటాను. అమ్మ పోయినప్పటి నుంచి ఆ మాట పూర్తిగా నిజం.