మలుపు దగ్గర మాక్ టెస్ట్

నర్సింగ్ లైసెన్స్ పరీక్ష ఎల్లుండి. భయం లేదు, ధైర్యమూ లేదు. మూడు రోజులుగా అన్నం రుచి కూడా తెలియడం లేదు. మా ఊళ్లో సిగ్నల్ అందదు కాబట్టి ఈ రోజు పొద్దున్నే ఘాట్ రోడ్డు మలుపు దగ్గర బండ మీద కూర్చుని ఫోన్‌లో మాక్ టెస్ట్ రాశాను. సంతకు వెళ్లే జీపు కోసం విస్తళ్లు కుట్టే అడ్డాకుల మోపుతో వచ్చిన పొరుగింటి అవ్వ నా పక్కనే కూర్చుంది.

"ఏటి సదువుతన్నావే గుంటా?" అంది.

తెర మీదున్న ప్రశ్నే తెలుగులో చెప్పాను. "నిద్ర లేదు, ఆకలి లేదు, ఏమీ అనిపించట్లేదు అంటోంది ఒక రోగి. నర్సు ముందు ఏటి చెయ్యాలి అవ్వా?"

"అది కూడా అడగాలేటే? పక్కన కూకోవాల. మందులు తరవాత."

నేను అప్పటికే 'డాక్టర్‌కు చెప్పాలి' అని నొక్కేశాను. తప్పు. అవ్వ చెప్పిందే సరైన జవాబు. నవ్వు రావాలి, రాలేదు.

వంద ప్రశ్నలూ అయ్యాక తలెత్తి చూస్తే అవ్వ ఇంకా అక్కడే ఉంది.

"జీపు రాలేదా అవ్వా?"

"రెండెల్లిపోనాయి."

ఈ పరీక్ష రాసిన అక్కలూ, ఆఖరి రోజులు మీరెలా గడిపారో చెప్పండి. నేనైతే ఒక అవ్వకు సంత లేకుండా చేశాను.