ప్లగ్గు పీకమన్న చాచా

మొన్న పొద్దున గోడ మీద స్టీలు గ్లాసు చప్పుడు వినగానే అలవాటుగా ప్లగ్గు పీకేశాను. యూపీఎస్ కీచుమంది. తలెత్తి చూస్తే పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. కరెంటు పోలేదు. గోడ కొట్టింది చాచా కాదు, చాచీ. "బిడ్డా, జల్దీ రా... చాచా పోయిండు" అని అవతలి నుంచి ఏడుపుగొంతు వినిపించింది.

ములకలపల్లిలో మా స్టూడియోకు, చాచా కరెంటు సామాన్ల రిపేరు దుకాణానికి మధ్య ఒకటే గోడ. స్టూడియో అంటే ఒక గది, ఒక కంప్యూటర్, పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే నేను. అడవిలో లైను మీద కొమ్మ పడితే మాకు కరెంటు పోతుంది. మళ్లీ వచ్చినట్టు తెలియాలని ఇక్కడ అందరం స్విచ్చులు వేసే ఉంచుతాం. వచ్చేటప్పుడు వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి వస్తుంది, ఎవరింట్లోనో ఏదో ఒకటి కాలుతుంది. చాచాకు మా ఈ అలవాటంటే ఒళ్లు మంట. కరెంటు పోగానే బజారు చివరిదాకా నడిచి, "ఒక్క బల్బు ఉంచుండ్రి, మిగతావన్నీ పీకుండ్రి" అని అరిచేవాడు. "మేం పీకితే నీ దుకాణం ఎట్ల నడుస్తది చాచా?" అని హోటలాయన ఏడిపించేవాడు.

ఊపిరితిత్తులు చెడిపోయాక ఆయన దుకాణం వెనక గదికే పరిమితమయ్యాడు. ముక్కుకు ఆక్సిజన్ మిషన్ గొట్టం. ఆ గొట్టం ఎంత పొడవో ఆయన లోకం అంతే. అరిచే ఓపిక పోయి, కరెంటు పోగానే గ్లాసుతో నా గోడ కొట్టడం అప్పుడే మొదలుపెట్టాడు.

గోడకు ఇవతల నేనూ అట్లాగే ఇరుక్కుపోయాను. కల్లూరు వాళ్ల పెళ్లి వీడియో ఒప్పుకుని కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. అది పెట్టినప్పటినుంచి మిక్సింగ్ సగంలో కంప్యూటర్ ఠక్కున ఆగిపోయేది. ఆదివారంలోగా ఇవ్వకపోతే పని వేరేవాళ్లకు ఇస్తామన్నారు. అది పోతే స్టూడియో మూసుకోవాల్సిందే. గది వదిలి కదలలేను, గదిలో కూర్చుని చేయగలిగిందీ లేదు. ఏడుపొచ్చేది.

"కార్డు మంచిదే. దానికి కరెంటిచ్చే పవర్ సప్లైకి దమ్ము లేదు" అన్నాడు చాచా. ఖమ్మం నుంచి రెండు తెప్పించి మంచం మీద పెట్టించుకున్నాడు. పెట్టె మీద పెద్ద వాట్ల అంకె ఉన్నదాన్ని పక్కకు నెట్టేశాడు.

"గా అంకె సూసి కొనకు. పన్నెండు వోల్టుల కాడ ఎంత ఇస్తదో గీడ సన్నగ రాసుంటది, అది సూడు. కార్డు వైరు కార్డుకే ఉండాలె, అతుకులు పెట్టొద్దు." ముక్కు దగ్గర గొట్టం సర్దుకున్నాడు. "సరిపోయినంత ఉంటె సాలదు బిడ్డా, జర మిగలాలె. సరిపోయేటంత ఊపిరే ఉంటె ఎట్లుంటదో నన్ను సూడరాదు."

నవ్వబోయి దగ్గాడు. నాకు నవ్వు రాలేదు.

ఆయన ఏరిందే బిగించాను. "పూర్తయినంక గోడ కొట్టు" అన్నాడు. మొన్న పొద్దున వీడియో మొదలుపెట్టి కూర్చున్నప్పుడే చాచీ పిలిచింది. పీకిన ప్లగ్గు మళ్లీ పెట్టకుండానే పరుగెత్తాను. యూపీఎస్ బ్యాటరీ అయిపోయి వీడియో సగంలో ఆగిపోయింది.

చాచాను ఖననానికి తీసుకుపోయాక చాచీ దగ్గర కూర్చుని, సాయంత్రం వచ్చి మళ్లీ మొదలుపెట్టాను. కార్డు ఫ్యాన్లు హోరెత్తాయి. ఈసారి కంప్యూటర్ ఆగలేదు. వీడియో చివరిదాకా వచ్చింది. మా స్టూడియో తలుపులు తెరిచి ఉన్నాయంటే ఆయన చలవే.

కల్లూరు వాళ్లకు ఫోన్ చేయకముందే, గోడ కొట్టడానికి గ్లాసు అందుకున్నాను. అవతల ఆక్సిజన్ మిషన్ చప్పుడు లేదు. చాచీ ఉలిక్కిపడుతుందని గ్లాసు కింద పెట్టి, గోడను వేలితో మెల్లగా తట్టాను.