మా ఇంటి క్యాన్, మా ఊరి బొగ్గు నీళ్లు

ముందే చెప్పేస్తున్నా, నేను గోరంత జరిగితే కొండంత చెప్తాను. మా ఇంట్లో నా మాటని సగానికి కోసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేసుకుని నమ్ముతారు. మీరూ అట్టాగే చదువుకోండి. పూర్తిగా కల్పించిందేదో చివర్లో నేనే ఒప్పుకుంటా.

మా ఊరి నీళ్ల ఫిల్టర్ హౌస్‌లో నేను ఆపరేటర్ని. సాగర్ కాలవ నీళ్లు చెరువులో నింపుకుని, ఇసుక తొట్టిలో వడకట్టి, క్లోరిన్ కలిపి ఊరికి వదలడం నా పని. ఎండాకాలం వచ్చిందంటే చెరువులో నాచు పెరిగి నీళ్లు పాచి వాసన కొట్టేవి. ఎంత వాసనంటే, మా ఊళ్లో కుళాయి తిప్పితే నడికుడి స్టేషన్లో గార్డు ఒక చేత్తో ముక్కు మూసుకుని రెండో చేత్తో జెండా ఊపేవాడు.

ఊరంతా క్యాన్ నీళ్లే తాగేది. దానికి నేను పెద్దగా బాధపడలేదు. మా ఇంటికీ క్యాన్ రావడమే నా బాధ. నీళ్లు శుభ్రం చేసేవాడి ఇంటికి నీళ్ల క్యాన్! ఆటోవాడు దాన్ని భుజాన పెట్టుకుని, వీధి మొత్తం చూసేటట్టు, దేవుణ్ణి ఊరేగించినట్టు తెచ్చి మా గుమ్మంలో దించేవాడు.

"నీ నీళ్లు మొక్కలకి పోస్తున్నాగా, చాల్లే" అనేది మా ఆవిడ.

"ఏమే, ఈ క్యాన్ నేను మాన్పించకపోతే చూడు."

"ఎట్టా? ఎత్తుకుపోయి దాస్తావా?"

ఆ ఏడు మా ఫిల్టర్ హౌస్‌కి యాక్టివేటెడ్ కార్బన్ వచ్చింది. కొబ్బరి చిప్పల్ని కాల్చి, ఆవిరి పట్టించి చేసిన బొగ్గు రవ్వ అది. దాన్నిండా కంటికి కనపడని చిల్లులు. వాసన పుట్టించే సరుకంతా పోయి ఆ చిల్లుల్లో ఇరుక్కుంటుంది. గుప్పెడు రవ్వలో ఉన్న చిల్లుల్లో మా జిల్లా మొత్తం కాపురం పెట్టొచ్చు. ఈ మాటలో నేను పెంచింది తక్కువే.

బస్తాలు విప్పి కొత్త తొట్టిలో పోసేసరికి నేను నిలువునా నల్లబడ్డా. టీకొట్టుకి వెళ్తే, పిడుగురాళ్ల నుంచి వచ్చిన సున్నం లారీ డ్రైవరు నిలువునా తెల్లగా దిగాడు. ఇద్దరం పక్కపక్కన నిలబడితే టీకొట్టు భాయ్ "చదరంగం ఆడుకోవచ్చన్నా" అన్నాడు.

కొత్త బొగ్గుని కింది నుంచి నీళ్లు కొట్టి మసి పోయేదాకా కడగాలి. మొదట వచ్చింది సిరా. ఆ తర్వాత కషాయం. ఊరికి పాత దారినే నీళ్లు వదులుతూ నేను కడుగుతూనే ఉన్నా.

"ఇంక చాలు, వదిలెయ్యవయ్యా, ప్రారంభోత్సవానికి పందిరేశాం" అని పైవాళ్ల ఫోను.

"ఒక్క నల్ల నలక మా ఆవిడ బిందెలో పడితే ఈ జన్మకి మా ఇంటి క్యాన్ ఆగదు సార్. నేను వదలను" అన్నా. పందిరి ఎండిపోయింది గానీ వాల్వు మీద చెయ్యి వెయ్యనివ్వలా. గ్లాసు వెనక తెల్లకాయితం పెట్టి, కాయితం కాయితంలాగే కనపడ్డాకే వదిలా.

దండలకి మెడ సిద్ధం చేసుకుని వీధిలోకొచ్చా. ఎదురింటి పిన్ని బిందె ముందేసుకుని నిలబడి ఉంది. ఆమె గొంతెత్తితే కృష్ణ అవతల తెలంగాణలో కూడా తిరిగి చూస్తారు.

"ఒరేయ్, బోరు నీళ్లు వదిలావేందిరా?"

"కాలవ నీళ్లే పిన్నీ!"

"కాలవ నీళ్లయితే వాసనేదిరా?"

కాలవ కట్టేసినప్పుడల్లా మేం బోరు నీళ్లు వదిలేవాళ్లం. వాటికి వాసనుండదు గానీ వాటిల్లో పప్పు ఉడకదు. వాసనుంటే కాలవ, లేకపోతే బోరు. ఏళ్లతరబడి ఊరి ముక్కులకి మేమే నేర్పిన పాఠం అది. సాయంత్రానికి వీధంతా తీర్పు చెప్పేసింది, మా ఆవిడతో సహా. క్యాన్ వచ్చింది.

తెల్లారగానే కందిపప్పు డబ్బా చంకన పెట్టుకుని టీకొట్టు దగ్గరికెళ్లా. పిన్నితో సహా వీధంతా నా వెనకాలే వచ్చింది. భాయ్ రెండు పొయ్యిలు ఖాళీ చేసిచ్చాడు.

"కుక్కరు పెట్టబాక, దాన్లో రాళ్లు కూడా ఉడుకుతయ్" అంది పిన్ని. కుళాయి నీళ్లు తనే పట్టుకొచ్చింది, నన్ను చెంబు కూడా ముట్టుకోనివ్వలా. ఒక గిన్నెలో ఆ నీళ్లు, రెండో దాన్లో చేతిపంపు బోరు నీళ్లు. బెల్లంకొండ బస్సు ఆగింది. కండక్టరు దిగి, "ఉడికిందాకా ఆగుదాం" అన్నాడు.

బోరు నీళ్లలో పప్పు గులకరాళ్లలాగా ఎగురుతానే ఉంది. కుళాయి నీళ్ల గిన్నెలో పప్పు విచ్చుకుంది. పిన్ని ఒక బద్ద తీసి వేళ్ల మధ్య నలిపింది. మెత్తగా జారిపోయింది.

"కాలవ నీళ్లేరా" అంది, ఎలక్షన్లో ఓడిపోయినంత నీరసంగా. "మరి వాసనేమైంది?"

"బొగ్గు మింగింది పిన్నీ."

అప్పుడు మా ఆవిడ జనాన్ని తోసుకుంటూ వచ్చి, చెంబులో మిగిలిన నీళ్లు గ్లాసులో పోసుకుని గుటగుటా తాగి, అందరూ వింటుండగా, "నీ నీళ్లు చానా బాగున్నయ్యయ్యా" అంది.

ఇంక ఒప్పుకోలు. గార్డుని, కండక్టరుని, పిన్ని గొంతుని ఊదాను గానీ, ఉన్నదాన్నే ఊదాను. మా ఆవిడ అందని రాశానే, ఆ ఒక్క మాట మాత్రం అచ్చంగా నా సొంతం. ఆమె తాగిన మాట నిజమే. తాగి, గ్లాసు భాయ్ చేతికిచ్చి, నా వంక చూడకుండా ఇంటికెళ్లింది.

తర్వాత ఆటో వచ్చి హారన్ కొట్టింది. నేను గదిలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నా. వంటింట్లోంచి ఆమె గొంతు వినపడింది.

"ఇయ్యాల వద్దులే బాబూ. ఇంక రాబాక."