కొస విరిచిన బెండకాయలు

బజారు మొదట్లో బెండకాయలమ్మే అవ్వకు పళ్ళు ఊడాయి గానీ పంతం ఊడలేదు. రోజూ పొద్దున్నే టీచరమ్మ వచ్చి, లేతవో ముదురువో చూడాలంటూ ఇరవై కాయల కొసలు టపటపా విరిచేది. "అన్నీ ముదురే!" అని పెదవి విరిచి వెళ్ళిపోయేది. కొస పోయిన కాయను ఇంకెవరూ ముట్టరు; అవన్నీ అవ్వ ఇంటికే కూర. పళ్ళు లేవు గనుక అవ్వ చిగుళ్ళు నూరేది. ఒకరోజు మాత్రం విరిచినవన్నీ ఏరి తడిగుడ్డలో చుట్టి దాచింది. సాయంత్రం టీచరమ్మ మొగుడు సంచీతో రాగానే అవే తూచి పోసింది.

"కొసలేమయ్యాయి అవ్వా?"

"అమ్మగారే పొద్దున దగ్గరుండి చూసి పెట్టారు బాబూ. కావాలంటే ఇంటికెళ్ళి అడగండి."

మర్నాడు టీచరమ్మ గంప మీదికి చాచిన చెయ్యి చాచినట్టే ఆగిపోయింది.

"విరవండమ్మా, మొహమాటమెందుకు?" అంటూ అవ్వ తడిగుడ్డ పరిచింది. "సాయంత్రం అయ్యగారు వస్తారుగా!"