సంగడి ముడి

ఎవరికీ, చివరికి నా డైరీకి కూడా చెప్పని మాట ఒకటుంది: ఆ తాడు విప్పింది నేనే.

నిన్న మా వీధి వెనక పారే గెడ్డలో పూడిక తీయడానికి పొక్లెయిన్ వచ్చింది. గుర్రపుడెక్క కింద ఇన్నేళ్లుగా కూరుకుపోయిన తాటిదోనెను దాని పళ్లు ఒక్క పోటుతో చీల్చినప్పుడు, మేడమీద చదువుకుంటున్న నేను పుస్తకం వదిలేసి చెవులు మూసుకున్నాను. ఎముక విరిగినా అలాగే చప్పుడవుతుంది, నేను విన్నాను.

నేను రెండు జడలు మడిచి, రిబ్బన్లు కట్టుకుని బడికి వెళ్లిన రోజులవి. వంతెన కట్టాక గెడ్డ దాటడానికి పడవ ఎక్కేవాళ్లు లేక, మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, తను నడిపే దోనెలన్నీ ఒడ్డున వదిలేశాడు. ఒంటి దోనె తిరగబడుతుందని రెండేసి కలిపి కట్టేవారు. దాన్నే సంగడి అనేవారు. ఎవరితోనూ కలవని నాకు, సెలవు పూట సంచిలో పుస్తకం వేసుకుని ఆ పాడుబడ్డ దోనెల్లోకి ఎక్కి దిగుతూ, దేనిలో తాబేలుందో, దేనిలో తూటికాడ మొలిచిందో చూసుకోవడమే ఆట. ఒకరోజు బలిఘట్టం వైపు ఎంతదాకా పోవచ్చో చూద్దామనిపించి, జంట కదలకపోతే, మిగిలిన ఒక్క మంచి సంగడికీ తాడు విప్పి ఒక దోనె తీసుకుపోయాను. సాయంత్రం తెచ్చి, నాకు తెలిసిన ఒకే ఒక్క ముడి, జడకి వేసుకునే పువ్వు ముడి, వేసేశాను.

ఆ వారమే పెద్ద వాన. వంతెన మీదుగా నీళ్లు పోతుంటే, అవతల చిక్కుకున్న నానమ్మను తేవడానికి మావయ్య బేగి బేగి సంగడి దింపాడు; తను వేసిన ముడే కదా అని చూసుకోలేదు. తిరిగొస్తుండగా నడి గెడ్డలో దోనెలు విడిపోయి, మళ్లీ ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. మధ్యలో నానమ్మ కుడిచెయ్యి.

మావయ్య ఒక చేత్తో ఆవిడ జుట్టు, ఇంకో చేత్తో ఒక దోనె పట్టుకుని ఒడ్డుకి ఈడ్చుకొచ్చేసరికి, నాన్న దోనెలోని గడకర్ర లాక్కున్నారు.

"తాగేసి కట్టినావేట్రా, ఎదవా!"

"లేదు బావా, నీ తోడు, సుక్క ముట్నేదు."

గడ వీపు మీద విరిగింది. విరిగిన ముక్కతో చెవి మీద కొట్టారు. "సచ్చిపోతాడు, వదిలీండి!" అని అమ్మ అరుస్తోంది. వీధంతా గొడుగుల కింద నిలబడి చూస్తోంది. నేను అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు మావయ్య, నెత్తురు కారే చెవిని అరచేత్తో అదుముకుని, దోనె కొసన వేలాడుతున్న తాడు చూశాడు. దాని మీద సగం విడిన పువ్వు. తర్వాత నా జడలు చూశాడు. తాడును కాలితో నీళ్లలోకి తోసేసి, "నాదే తప్పు బావా" అన్నాడు. ఆ మాటకి ఇంకో నాలుగు దెబ్బలు పడ్డాయి.

మర్నాడే కొయ్యూరు వెళ్లిపోయాడు, అక్కడే పోయాడు. నానమ్మ బతికినన్నాళ్లూ ఎడమచేత్తో తింటూ ఆ తాగుబోతును తిట్టేది. నేను పక్కనే కూర్చుని కూర వడ్డించేదాన్ని. ఇప్పుడు గెడ్డకి రెండు వైపులా సిమెంటు గోడలు కడతారట. మా వీధి పిల్లలకి సంగడంటే ఏమిటో తెలియదు. ఇన్ని పుస్తకాలు చదివి ఎన్నెన్నో మాటలు నేర్చుకున్నాను కానీ, ఆ రోజు గట్టున అనాల్సిన ఒక్కటీ ఎవరి ముందూ అనలేకపోయాను.

ఆ మర్నాడు కొయ్యూరు బస్సెక్కబోతూ మావయ్య వంగి, వదులైన నా రిబ్బను బిగించి, ఎవరికీ వినపడకుండా అన్నాడు: "సంగడికి మూడు సుట్లు సుట్టాలి, అమ్మలూ. ఒక్కటి సాలదు."